మందు రాసే చోటే తప్పును ఆపడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు, జవాబులు ముఖ్యంగా మందులు రాసే డాక్టర్ల కోసం, అందులోనూ కొత్తగా డ్యూటీలో చేరినవాళ్ల కోసం. వాళ్లు రాసిన చీటీ చదివి పని చేసే నర్సులకు, ఫార్మసిస్టులకు కూడా పనికొస్తాయి. చివర్లో రోగులు, ఇంటివాళ్లు అడిగేవి రెండు చేర్చాం. డోసుల అంకెలు లెక్క ఎలా తప్పుతుందో చూపించడానికి ఇచ్చినవే. వాటిని చూసి ఎవరూ సొంతంగా మందు వేసుకోకూడదు.

మందు పడకపోతే అది డాక్టర్ తప్పేనా?

అన్నిసార్లూ కాదు. ఒకరికి మొదటిసారి పెన్సిలిన్ ఇచ్చారు, ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి. మందు సరైనదే, డోసు సరైనదే, ముందుగా తెలిసే వీలు లేదు. అది దుష్ప్రభావం. ఆ సంగతి కేస్ షీట్‌లో రాసి ఉండగా రెండేళ్ల తర్వాత అదే మనిషికి మళ్లీ పెన్సిలిన్ జాతి మందు రాస్తే అది తప్పు, ఎందుకంటే దాన్ని ఆపే వీలుంది. అదృష్టం బాగుండి ఈసారి దద్దుర్లు రాకపోయినా అది తప్పే. హాని జరగని తప్పుల్ని "ఏం కాలేదు కదా" అని వదిలేస్తుంటారు. నిజానికి ఎవరికీ దెబ్బ తగలకుండా పాఠం నేర్పేవి అవే.

మందు చేతికి వచ్చేదాకా ఇంతమంది చూస్తారు కదా, రాసేటప్పుడే అంత జాగ్రత్త ఎందుకు?

1995లో బోస్టన్‌లోని రెండు పెద్ద ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనం దీనికి మంచి జవాబు. నివారించగలిగి ఉండీ జరిగిన మందుల హానిలో 56 శాతం మందు రాసే దశలో పుట్టింది, 34 శాతం మందు ఇచ్చే దశలో. ఇంకో సంగతి కూడా బయటపడింది. రాసే దశలో జరిగిన తప్పుల్లో దాదాపు సగం రోగిని చేరేలోపే ఎవరో ఒకరు పట్టుకున్నారు. ఇచ్చే దశలో జరిగినవాటిలో ఒక్కటీ దొరకలేదు.

అంటే మీ తర్వాత ఫార్మసిస్ట్, నర్సు ఉండటం నిజంగానే రక్షణ. కానీ వాళ్లు పట్టుకోవాలంటే తప్పు వాళ్ల కంటికి తప్పుగా కనిపించాలి. చూడ్డానికి సక్రమంగా ఉన్న తప్పు, అంటే వేరే రోగికి సరిపోయే డోసు, వేరే జబ్బుకు సరైన మందు, అందరి చేతుల మీదుగా సాఫీగా దాటిపోతుంది. అలాంటిదాన్ని ఆపగలిగేది రాసిన మనిషే.

ఇవన్నీ జూనియర్లు చేసే తప్పులు కావా?

కావు. ఇంగ్లండ్‌లో 19 ఆసుపత్రుల్లో 1.24 లక్షలకు పైగా మందుల ఆర్డర్లను పరిశీలించి 2009లో ఒక నివేదిక వెలువరించారు. 8.9 శాతం ఆర్డర్లలో ఏదో ఒక తప్పుంది. మొదటి ఏడాది డాక్టర్లు రాసిన ఆర్డర్లలో తప్పులున్నవి 8.4 శాతం. రెండో ఏడాది వాళ్లది అంతకంటే ఎక్కువ, 10.3 శాతం. అందరికంటే సీనియర్లైన కన్సల్టెంట్లది కూడా 5.9 శాతం. అనుభవం తప్పుల్ని తగ్గిస్తుంది గానీ సున్నా చేయదు.

తెలియక చేసేవి కొన్నే. తెలిసీ జారిపోయేవే ఎక్కువ. సగం రాసేసరికి ఫోన్ మోగుతుంది, పక్క బెడ్‌కు పిలుస్తారు, తిరిగొచ్చి ఎక్కడ ఆపామో మర్చిపోయి కింది వరుస నుంచి మొదలుపెడతారు. నైట్ డ్యూటీలో, టెన్షన్‌లో, నిన్నటి చార్ట్ చూసి కొత్త చార్ట్‌లోకి ఎక్కించేటప్పుడు జరిగే జారుడు ఇది. కాబట్టి "బాగా చదువుకో" అనే సలహా ఒక్కటే సరిపోదు. చార్ట్ రాస్తున్న మనిషిని పలకరించకుండా ఉండటం అంతకంటే ఎక్కువ మేలు చేస్తుంది.

చేతిరాత బాగుంటే చాలా?

చేతిరాత బాగుండాలి, సందేహం లేదు. కానీ ముత్యాల్లాంటి అక్షరాలతో కూడా ప్రాణం తీసే చీటీ రాయవచ్చు. అసలు ప్రమాదం సున్నాల్లో, చుక్కల్లో, పొట్టి అక్షరాల్లో ఉంది.

1.0 మి.గ్రా. అని రాస్తే, చుక్క సరిగా పడకపోతే, అది 10 అవుతుంది. పూర్ణ సంఖ్య తర్వాత చుక్క, సున్నా పెట్టవద్దు, 1 మి.గ్రా. అంటే చాలు. దీనికి ఎదురుగా, .5 అని రాస్తే చుక్క మాయమై 5 అవుతుంది కాబట్టి ముందు సున్నా తప్పనిసరి: 0.5. ఇంకా మంచిది, వీలైన చోట దశాంశమే లేకుండా రాయడం. 0.25 మి.గ్రా. డిగాక్సిన్ అనే బదులు 250 మైక్రోగ్రాములు అంటే చుక్క గొడవే ఉండదు. అయితే మైక్రోగ్రాము అన్న మాట పూర్తిగా రాయాలి. గ్రీకు అక్షరంతో పొట్టిగా రాస్తే అది మిల్లీగ్రాములా కనిపిస్తుంది, అక్కడ తేడా వెయ్యి రెట్లు.

ఇన్సులిన్ సంగతి అందరికీ తెలిసిందే, అయినా మారని అలవాటు. యూనిట్లు అన్నదానికి బదులు అంకె పక్కన ఇంగ్లిష్ యు అక్షరం గీస్తే అది సున్నాలా కనిపించి 10 యూనిట్లు 100 అవుతాయి. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2004లో వాడకూడని సంక్షిప్తాల జాబితా ఒకటి తెచ్చింది. యు అక్షరం, వెనక వచ్చే సున్నా, ముందు లేని సున్నా అన్నీ అందులో ఉన్నాయి. మార్ఫిన్ సల్ఫేట్‌కూ మెగ్నీషియం సల్ఫేట్‌కూ ఒకేలా వాడేసే ఎంఎస్ కూడా ఉంది.

ఎన్నిసార్లు అన్నది కూడా మాటల్లోనే రాయండి. రోజుకొకసారి అనే అర్థంలో రాసే ఓడీ, కంటి చికిత్సలో కుడి కన్ను అని అర్థం. క్యూడీకి, క్యూఐడీకి మధ్య ఒక్క అక్షరమే తేడా. ఒకటి రోజుకొకసారి, ఇంకోటి నాలుగుసార్లు. "అవసరమైతే" అని రాస్తే దేనికి అవసరమైతే, ఎంత ఎడంతో, 24 గంటల్లో గరిష్ఠంగా ఎంత అనే మూడూ పక్కనే ఉండాలి. ఇవి లేని "అవసరమైతే" అంటే నిర్ణయాన్ని రాత్రి రెండింటికి నిద్రకళ్లతో ఉన్న నర్సు మీద వదిలేయడమే.

"రోజుకా, మొత్తం కోర్సుకా?" అన్న తేడా నిజంగా అంత పెద్దదా?

1994లో బోస్టన్ గ్లోబ్ పత్రిక ఆరోగ్య విలేకరి బెట్సీ లేమన్ రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స తీసుకుంటూ చనిపోయారు. ఆమెకు సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందును నాలుగు రోజుల మీద ఇవ్వాల్సిన మొత్తం మోతాదు ఎంతో, అంతా ఒక్కొక్క రోజూ ఇచ్చేశారు, నాలుగు రోజుల పాటు. నాలుగు రెట్లు. ఆరోగ్యం గురించి రాసే విలేకరికి, పేరున్న క్యాన్సర్ ఆసుపత్రిలో జరిగింది. మందుల భద్రత గురించి అమెరికాలో గట్టిగా చర్చ మొదలవడానికి ఆ మరణం ఒక కారణం. ఐదేళ్లకు, 1999లో, అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన నివేదిక ఆసుపత్రుల్లో వైద్యపరమైన తప్పుల వల్ల ఏటా 44 వేల నుంచి 98 వేల మంది చనిపోతున్నారని అంచనా వేసింది.

కీమోథెరపీ రాయని డాక్టర్లకు కూడా ఇదే గొయ్యి మెథోట్రెక్సేట్ రూపంలో ఎదురవుతుంది. కీళ్లవాతానికి, సొరియాసిస్‌కు ఇది వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మిగతా మందులన్నీ రోజూ వేసుకునేవే కాబట్టి చేయి అలవాటుగా రోజుకొకటి అని రాసేస్తుంది, లేదా రోగే అలా అనుకుంటారు. కొద్ది రోజుల్లోనే నోరంతా పుండ్లు, ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోవడం, ఇన్‌ఫెక్షన్లు, ఒక్కోసారి మరణం. అందుకే వారానికి ఒక్కసారి అని రాసి, వారంలో ఏ రోజో కూడా పేరు పెట్టి రాయాలి, ఏ జబ్బుకో రాయాలి, "రోజూ వేసుకోకూడదు" అని కూడా రాయాలి. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకు ఒక చిన్న సూచన: హడావిడి రాతలో మండే కాస్తా మార్నింగ్‌లా కనిపించవచ్చు, వేరే రోజు ఎంచుకోండి. మాత్రలు ఒకే బలంలో, 2.5 మి.గ్రా.లో, రాయడం అలవాటు చేసుకుంటే 10 మి.గ్రా. మాత్రతో కలిసిపోయే ప్రమాదం పోతుంది.

వారానికొకసారి వేసే అలెండ్రోనేట్, 72 గంటలకొకసారి మార్చే ఫెంటానిల్ ప్యాచ్, ఇలా రోజువారీ లెక్కలో ఇమడని ఏ మందుకైనా ఇదే జాగ్రత్త.

పేర్లు ఒకేలా ఉన్న మందులతో ఏం చేయాలి?

కార్బమజెపిన్ మూర్ఛకు, కార్బిమజోల్ థైరాయిడ్‌కు. హైడ్రాలజిన్ బీపీకి, హైడ్రాక్సిజిన్ దురదకు. క్లోర్‌ప్రోమజిన్ మానసిక జబ్బులకు, క్లోర్‌ప్రొపమైడ్ షుగర్‌కు. షుగర్ లేని మనిషికి ఇది ఇస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బ్రాండ్ పేర్లలో ఈ తలనొప్పి ఇంకా ఎక్కువ. డిప్రెషన్‌కు ఇచ్చే బ్రింటెలిక్స్‌ను రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే బ్రిలింటాతో పొరబడుతున్నారని 2016లో అమెరికాలో దాని పేరునే ట్రింటెలిక్స్‌గా మార్చాల్సి వచ్చింది.

పేర్లో తేడా ఉన్న అక్షరాల్ని పెద్దవిగా ముద్రించే పద్ధతి చాలాచోట్ల ఉంది. అంతకంటే చవకైనదీ, నా దృష్టిలో అంతకంటే బలమైనదీ ఒకటుంది: మందు పక్కన అది దేనికో రాయడం. "కార్బిమజోల్ 10 మి.గ్రా., థైరాయిడ్‌కు" అని ఉంటే మందుల షాపులో చేయి పొరపాటున మూర్ఛ మందు వైపు వెళ్లినా కన్ను ఆపుతుంది. రోగికీ తన మందు దేనికో తెలుస్తుంది. రెండు మాటలు రాయడానికి టైమ్ లేదనే డాక్టర్లు, ఫార్మసిస్ట్ ఫోన్ చేస్తే మాట్లాడటానికి పట్టే టైమ్ ఎంతో ఒకసారి చూసుకోవాలి.

జెనరిక్ పేరు రాయాలా, బ్రాండా?

సాధారణంగా జెనరిక్ పేరే. ఒకే మందు రెండు బ్రాండ్ల పేరుతో రెండుసార్లు పడిపోవడం అప్పుడు తగ్గుతుంది. మినహాయింపులు కొన్ని ఉన్నాయి: టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్, లిథియం, ఫెనిటాయిన్ లాంటివి, ఇంకా నెమ్మదిగా కరిగే కొన్ని రకాల మాత్రలు. వీటిలో బ్రాండ్ మారితే రక్తంలో మందు స్థాయి మారవచ్చు, కాబట్టి మొదలుపెట్టిన బ్రాండ్‌నే కొనసాగించాలి, చీటీలో అదీ రాయాలి.

పిల్లలకు రాసేటప్పుడు ఎక్కడ దెబ్బతింటాం?

ముఖ్యంగా మూడు చోట్ల: బరువు, లెక్క, సీసా.

బరువు ఆ రోజు తూచినదే కావాలి, కిలోల్లోనే కావాలి. పౌండ్లలో ఉన్న అంకెను కిలోలనుకుంటే డోసు 2.2 రెట్లవుతుంది. తల్లిని అడిగితే చెప్పే బరువు కిందటి టీకా నాటిది కావచ్చు. చీటీ మీద బరువూ, కిలోకు ఎంత చొప్పున లెక్క వేశారో అదీ రాసి ఉంటే తర్వాతి మనిషి సరిచూడగలరు. ఇది ఒక్కటి చేసినా చాలా తప్పులు అక్కడే దొరికిపోతాయి.

సీసా సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 12 కిలోల పాప. పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున 180 మి.గ్రా. కావాలి. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే 7.5 మి.లీ. 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉన్నదైతే 3.6 మి.లీ. ఒక్కో మి.లీ.లో 100 మి.గ్రా. ఉండే డ్రాప్స్ అయితే 1.8 మి.లీ. మూడు సీసాలూ పారాసిటమాలే. ఇప్పుడు చీటీలో "పారాసిటమాల్ 7.5 మి.లీ." అని మాత్రమే ఉండి ఇంట్లో డ్రాప్స్ సీసా ఉందనుకోండి. పాపకు పడేది 750 మి.గ్రా., కిలోకు 60 మి.గ్రా.కు పైనే, నాలుగు రెట్లు. ఒకరోజులో మూడు నాలుగుసార్లు ఇలా ఇస్తే లివర్ పరిస్థితి ఏమిటి? కాబట్టి మి.గ్రా., సీసా బలం, మి.లీ. మూడూ ఒకే వరుసలో రాయాలి. చెంచా అనకుండా కొలత సిరంజితోనో మూతతోనో ఇమ్మని, ఎక్కడిదాకా తీయాలో గీత చూపించి పంపాలి.

ఇంకొకటి. పెద్ద పిల్లలకు, బరువెక్కువ ఉన్న పిల్లలకు కిలో లెక్కన వేస్తూ పోతే డోసు పెద్దవాళ్ల డోసును దాటిపోతుంది. పెద్దవాళ్ల గరిష్ఠం దగ్గర ఆగాలి.

క్రియాటినిన్ నార్మల్ ఉంది. వృద్ధురాలికి మామూలు డోసు రాయొచ్చు కదా?

క్రియాటినిన్ అంటే కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే అంకె. ల్యాబ్ రిపోర్టు మీద "నార్మల్" అన్న మాట చాలామందిని ముంచింది. 1976 నుంచి వాడుకలో ఉన్న కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంతో లెక్క వేసి చూడండి. 30 ఏళ్ల 70 కిలోల యువకుడికి క్రియాటినిన్ 1.0 అయితే కిడ్నీ వడపోత నిమిషానికి సుమారు 107 మి.లీ. వస్తుంది. 80 ఏళ్ల 45 కిలోల ముసలమ్మకు కూడా క్రియాటినిన్ సరిగ్గా 1.0, కానీ వడపోత సుమారు 32. రిపోర్టులో అంకె ఒకటే, కిడ్నీల సామర్థ్యం మూడో వంతు. కండ తక్కువగా ఉన్న ఒంట్లో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ కాబట్టి రిపోర్టు బాగానే కనిపిస్తుంది.

ఎనాక్సాపారిన్, డాబిగట్రాన్, డిగాక్సిన్, గాబాపెంటిన్, జెంటామైసిన్ లాంటివి రాసేముందు ఈ లెక్క వేయకపోతే తర్వాత రక్తస్రావమో, మత్తో, చెవుడో చూడాల్సి వస్తుంది. అంచనా వేసిన వడపోత రేటు 30 కంటే తక్కువ ఉంటే మెట్‌ఫార్మిన్ వాడకూడదు.

వృద్ధుల విషయంలో ఇంకో ఉచ్చు, మందుకు మందు. బీపీకి ఆమ్లోడిపిన్ ఇస్తారు, కాళ్లు వాస్తాయి. వాపును కొత్త జబ్బు అనుకుని నీరు పోయే మాత్ర రాస్తారు. దాంతో పొటాషియం పడిపోతుంది, దానికో సిరప్. అన్నింటికీ మూలం మొదటి మాత్ర. పెద్ద వయసు రోగి కొత్త లక్షణంతో వస్తే, ఈ మధ్య మొదలుపెట్టిన మందు ఏమైనా దీనికి కారణమా అన్నది మొదటి ప్రశ్న కావాలి. వృద్ధులకు వీలైనంత వరకు వాడకూడని మందుల మీద 1991 నుంచి బీర్స్ జాబితా ఉంది, ఎప్పటికప్పుడు సవరిస్తూ వస్తున్నారు. మీ ఫోన్‌లో ఉంచుకోదగ్గది.

"ఏ అలర్జీలూ లేవు" అని రాస్తే సరిపోతుందా?

అడిగి రాస్తే సరిపోతుంది. అడక్కుండా రాసేవాళ్లే ఎక్కువ. "మీకు అలర్జీ ఉందా?" అంటే చాలామంది దుమ్ము, ధూళి గురించి ఆలోచించి లేదంటారు. "ఎప్పుడైనా మందు వేసుకున్నాక దద్దుర్లు, ఆయాసం, మొహం వాపు వచ్చాయా?" అని అడిగితే వేరే జవాబు వస్తుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అమెరికాలో దాదాపు 10 శాతం మంది తమకు పెన్సిలిన్ పడదంటారు, పరీక్షించి చూస్తే నిజంగా పడనివాళ్లు మొత్తం జనంలో 1 శాతం లోపే. చిన్నప్పుడు విరేచనాలైతే కూడా అలర్జీ అని రాసేస్తారు. ఆ ముద్రతో జీవితాంతం వాళ్లకు అంత మంచివి కాని యాంటీబయాటిక్స్ పడుతుంటాయి. అందుకే మందు పేరుతో పాటు ఏం జరిగింది, ఎన్నాళ్ల కిందట, ఎంతసేపట్లో అన్నది రాయాలి. చర్మం ఊడిపోయేంత తీవ్రమైన ప్రతిచర్య వచ్చి ఉంటే మాత్రం ఆ మందు మళ్లీ ప్రయత్నించే ప్రశ్నే లేదు.

కో-అమాక్సిక్లావ్ పెన్సిలిన్ జాతిదే. పేరులో ఆ మాట లేకపోవడం వల్ల పెన్సిలిన్ అలర్జీ రాసి ఉన్న చార్ట్‌లోనే అది కూడా రాసేస్తుంటారు.

మందుల మధ్య పొత్తు కుదరనివి వందల్లో ఉన్నాయి. ఎన్నని గుర్తుపెట్టుకోవాలి?

అన్నీ అక్కర్లేదు. గొడవ పెట్టే మందులు కొన్నే. రోగి చీటీలో అవి కనిపిస్తే ఆగి వెతకాలని గుర్తుంటే చాలు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ ఉంటే మెట్రోనిడజోల్, కో-ట్రైమాక్సజోల్ రాసేముందు ఆగండి, రక్తస్రావం ముప్పు. మెథోట్రెక్సేట్‌తో కూడా కో-ట్రైమాక్సజోల్ వద్దు. లిథియం వేసుకునేవాళ్లకు ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు లిథియం స్థాయిని పెంచుతాయి. అజాథయోప్రిన్ మీద ఉన్న మనిషికి యూరిక్ యాసిడ్ కోసం అల్లోప్యూరినాల్ తప్పనిసరైతే అజాథయోప్రిన్ డోసును దాదాపు నాలుగో వంతుకు తగ్గించాలి. తగ్గించకపోతే మజ్జ దెబ్బతింటుంది. గుండె నొప్పికి ఇచ్చే నైట్రేట్లతో సిల్డెనాఫిల్ (వయాగ్రా) అసలే కుదరదు, ఇది రోగులు సిగ్గుపడి చెప్పరు కాబట్టి మీరే అడగాలి. సింవాస్టాటిన్‌తో క్లారిత్రోమైసిన్, టిజానిడిన్‌తో సిప్రోఫ్లాక్సాసిన్ కూడా ఈ కోవలోవే.

గమనించారా, ఇందులో సగానికి పైగా చోట్ల రెండో మందు యాంటీబయాటిక్. ఐదు రోజుల కోర్సే కదా అనే ధీమాతో పాత మందుల జాబితా చూడకుండా రాసేది అదే.

కంప్యూటర్‌లో రాస్తే ఈ గొడవలన్నీ పోతాయా?

కొన్ని పోతాయి. కంప్యూటర్ ద్వారా ఆర్డర్ ఇవ్వడం మొదలుపెట్టాక తీవ్రమైన మందుల తప్పులు 55 శాతం తగ్గాయని 1998లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. చేతిరాత బాధ ఉండదు, డోసు లేకుండా ఆర్డర్ ముందుకు కదలదు.

కొత్తవి కొన్ని వస్తాయి. జాబితాలో పైనున్నది నొక్కబోయి కిందిది నొక్కడం, రెండు రోగుల కిటికీలు తెరిచి పెట్టుకుని ఒకరి మందు ఇంకొకరికి రాయడం, నిన్నటి ఆర్డర్‌ను కాపీ కొట్టి ఆపాల్సిన మందును కూడా కొనసాగించడం. ఇక హెచ్చరికలు. ప్రతి చిన్నదానికీ తెరమీద ఎర్రగా మెరిస్తే డాక్టర్లు చూడకుండానే దాటేస్తారు. 2006లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే 49 నుంచి 96 శాతం హెచ్చరికల్ని దాటేస్తున్నారని తేలింది. ఆ వేలితోనే ప్రాణాపాయ హెచ్చరికనూ నొక్కేస్తారు. దీనికి డాక్టర్లను తిట్టి లాభం లేదు; పనికిరాని హెచ్చరికల్ని తీసేయాల్సింది సాఫ్ట్‌వేర్ చూసుకునేవాళ్లు, ఆసుపత్రి మందుల కమిటీ.

ఆసుపత్రిలో చేరేటప్పుడు, ఇంటికి వెళ్లేటప్పుడు ఏం చూడాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల హానిని తగ్గించే ప్రపంచవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మూడు చోట్ల ప్రత్యేకంగా దృష్టి పెట్టమంది: ప్రమాదం ఎక్కువున్న పరిస్థితులు, ఎక్కువ మందులు వాడేవాళ్లు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి రోగి మారే సమయం. మూడోది చెప్పినంత సులువు కాదు.

చేరేటప్పుడు పాత చీటీ ఒక్కటే చూస్తే చాలదు. చీటీలో ఉన్నదంతా రోగి వేసుకోరు, వేసుకునేదంతా చీటీలో ఉండదు. మందుల సంచి తెప్పించి ఒక్కో పట్టీ చేతిలో పట్టుకుని "ఇది ఎలా వేసుకుంటున్నారు, చివరిసారి ఎప్పుడు?" అని అడగాలి. ఇన్‌హేలర్లు, కంటి చుక్కలు, వారం ఇంజెక్షన్లు, సొంతంగా కొనుక్కునే నొప్పి మాత్రలు, మూలికా మందులు విడిగా అడిగితేనే బయటికొస్తాయి.

డిశ్చార్జ్ సమ్మరీలో మూడు రకాలు విడివిడిగా కనిపించాలి: కొనసాగించేవి, కొత్తవి, ఆపినవి. ఆపినవాటి దగ్గర కారణం కూడా. "రామిప్రిల్ ఆపాం, పొటాషియం పెరిగింది" అని రాయకపోతే రోగి ఇంట్లో మిగిలిన పట్టీతో మళ్లీ మొదలుపెడతారు, లేదా వేరే డాక్టర్ మర్చిపోయారనుకుని మళ్లీ రాస్తారు. మందు ఎన్నాళ్లో కూడా రాయాలి. వారానికని మొదలైన నిద్రమాత్రలు, కడుపులో మంట మాత్రలు ఏళ్లతరబడి సాగేది ఆ ఒక్క మాట లేకే.

ఫోన్‌లో మందు చెప్పొచ్చా?

అత్యవసరమైతేనే. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకటే. అంకెను విడివిడిగా, ఒకటి, ఐదు అని చెప్పి, అవతలివాళ్లు రాసుకున్నది చదివి వినిపించేదాకా ఫోన్ పెట్టకండి. కీమోథెరపీ ఫోన్‌లో వద్దే వద్దు.

ఫార్మసిస్ట్ ఫోన్ చేసి "ఈ డోసు సరైనదేనా" అంటే చిన్నతనంగా ఉంటుంది. ఏం చేయాలి?

ముందు థ్యాంక్స్ చెప్పండి, తర్వాత చీటీ తీసి చూడండి. ఐసీయూ రౌండ్స్‌లో ఫార్మసిస్ట్ కూడా తిరిగితే, మందు రాయడంలో తప్పుల వల్ల వచ్చే నివారించదగ్గ హాని 66 శాతం తగ్గిందని 1999లో ఒక అధ్యయనంలో తేలింది. ఒకసారి విసుక్కుంటే ఆ ఫార్మసిస్ట్ రెండోసారి ఫోన్ చేసేముందు తటపటాయిస్తారు. నర్సుల విషయమూ ఇంతే, వాళ్లకు మీరు సీనియర్ కావడం వల్ల ఆ తటపటాయింపు ఇంకాస్త ఎక్కువ.

తప్పు జరిగిపోయిందని తెలిసింది. ఇప్పుడు?

మొదట రోగి. మందు ఆపాలా, విరుగుడు ఇవ్వాలా, దేన్ని గమనించాలి అన్నది చూసుకుని సీనియర్‌కు చెప్పాలి. తర్వాత రోగికి, ఇంటివాళ్లకు జరిగింది జరిగినట్టు చెప్పాలి. కేస్ షీట్‌లో ఏం ఇచ్చారో, ఎప్పుడు తెలిసిందో, ఏం చేశారో రాయాలి. పాత రాతను దిద్దకూడదు. ఆ తర్వాత ఆసుపత్రిలో ఉన్న పద్ధతి ప్రకారం రిపోర్ట్ చేయాలి.

రిపోర్ట్ చేస్తే ఉద్యోగం పోతుందేమోనన్న భయం సహజమే. కానీ ఏ తప్పూ చెప్పకపోతే ఏదీ మారదు. విన్‌క్రిస్టిన్ సిరలోకే ఎక్కించాలి. వెన్నులోకి ఎక్కిస్తే దాదాపు ఎప్పుడూ మరణమే. పొరపాటున అలా జరిగిన ఘటనలు వేర్వేరు దేశాల నుంచి బయటికొచ్చాకే ఆ మందును సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ బ్యాగులో కలిపి పంపమన్న సలహా వచ్చింది. బ్యాగును ఎవరూ వెన్నులోకి ఎక్కించబోరు. పొరపాటున నేరుగా ఎక్కిస్తే గుండె ఆగిపోయే గాఢమైన పొటాషియం క్లోరైడ్‌ను వార్డు అలమరాల్లోంచి తీసేయడం కూడా ఇలాంటిదే. రెండింటిలోనూ మార్చింది మనిషిని కాదు, మందు ఉండే తీరును.

తప్పు చేసిన డాక్టర్ కూడా నలిగిపోతారు. వాళ్లను ఆ రాత్రి ఒంటరిగా డ్యూటీలో వదలకండి.

రోగిగా నేను ఏం అడగాలి?

ఈ మందు దేనికి, ఎన్నాళ్లు, నేను ఇప్పటికే వేసుకుంటున్న వాటితో పడుతుందా, ఏం కనిపిస్తే వెంటనే రావాలి? ఇవి అడిగితే ఏ మంచి డాక్టరూ విసుక్కోరు. అడక్కపోయినా మీరే చెప్పాల్సినవి ఉన్నాయి: గర్భంతో ఉన్నా, ఉండే అవకాశం ఉన్నా, పాలిస్తున్నా, కిడ్నీ లేదా లివర్ జబ్బు ఉన్నా, ఏ మందైనా గతంలో పడకపోయినా. ఇంకో డాక్టర్ రాసినవి ఈ డాక్టర్‌కు చూపించడం అవమానం కాదు. జలుబు మాత్రలోనూ, జ్వరం మాత్రలోనూ, నొప్పి మాత్రలోనూ పారాసిటమాల్ ఉండవచ్చు. మూడూ కలిపి పెద్దవాళ్లు రోజుకు 4 గ్రాముల హద్దు దాటేస్తారు. పట్టీ వెనక మందు పేరు చదవడం అలవాటు చేసుకోండి.

చీటీ మీద అనుమానంగా ఉంది, డాక్టర్ దొరకడం లేదు. మందు వేసుకోవాలా, ఆపాలా?

ముందు ఫార్మసిస్ట్‌ను అడగండి, లేదంటే ఆసుపత్రికి ఫోన్ చేయండి. కొత్తగా రాసిన మందు అయితే, అత్యవసరం కాకపోతే, స్పష్టత వచ్చేదాకా కొన్ని గంటలు ఆగడం వల్ల సాధారణంగా నష్టం ఉండదు. ఎప్పటినుంచో వాడుతున్న మందును మాత్రం సొంతంగా ఆపకండి. మూర్ఛ మందులు, స్టెరాయిడ్లు, బీపీకి లేదా గుండెకు ఇచ్చే బీటా బ్లాకర్లు, ఇన్సులిన్ ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం.

ఎక్కువ డోసు ఇప్పటికే వేసేసుకుంటే ఒంట్లో బాగానే ఉందని ఇంట్లో కూర్చోవద్దు. పారాసిటమాల్ ఎక్కువైతే మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు, లివర్ దెబ్బ బయటపడేసరికి రెండు మూడు రోజులవుతుంది. దాని విరుగుడు మొదటి ఎనిమిది గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది. వేసుకున్న మందు పట్టీలు, సీసాలు, చీటీ అన్నీ వెంట తీసుకుని అత్యవసర విభాగానికి వెళ్లండి.